తిరిగే చక్రం కింద పడకుండా పక్కకు ఎందుకు పోతుంది?

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

అందరికీ నమస్కారం. నేను ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ. పోయిన వారం మా సార్ క్లాసుకు సైకిల్ చక్రం తెచ్చి, ఇరుసుకు ఒక పక్క మాత్రమే తాడు కట్టి పైనుంచి వేలాడదీశారు. చక్రం తిప్పకుండా వదిలితే దబ్బున వాలిపోయింది. గట్టిగా తిప్పి వదిలితే మాత్రం ఇరుసు అడ్డంగానే నిలబడి, చక్రం మొత్తం తాడు చుట్టూ నింపాదిగా తిరిగింది. అందరం నోరు తెరుచుకుని చూశాం.

తర్వాత స్లిప్ టెస్టులో ఆ చక్రం కోణీయ ద్రవ్యవేగంలో (తిరుగుడు ఎంత ఉంది, ఏ ఇరుసు వెంట ఉంది అని చెప్పే రాశిలో) వచ్చే మార్పు ఏ దిశలో ఉంటుందని అడిగారు. బరువు కిందికి లాగుతుంది కదా అని కిందికి అని రాశాను. తప్పు. పక్కకు అని రాయాలట.

కుడిచేతి నియమం (తిరిగే వైపుకు వేళ్లు ముడిస్తే బొటనవేలు చూపేదే దిశ) పెట్టి చూస్తే జవాబు వస్తోంది, ఒప్పుకుంటాను. కానీ నా బొటనవేలు అటు చూపించింది కాబట్టి చక్రం అటు పోతుందంటే మనసుకు ఎక్కడం లేదు. భూమి లాగేది కిందికి, చక్రం పోయేది పక్కకు. ఈ రెండింటి మధ్యలో ఏం జరుగుతోందో ఎవరైనా చెప్తారా?

సైకిల్_షాపు (కడప)

పాపా, మాది సైకిల్ రిపేరు షాపు. ముప్పై ఏళ్లుగా చక్రాలు బిగిస్తున్నాను. రిమ్ము వంకర చూసేటప్పుడు ఇరుసును రెండు చేతులతో పట్టుకుని, చక్రం తిరుగుతుండగా పక్కకు వంచబోతే చేతుల్లోనే మెలి తిరుగుతుంది. మనం వంచేది ఒక వైపు, అది పోయేది ఇంకో వైపు. ఎందుకో నాకూ తెలియదు కానీ చేతికి మాత్రం బాగా తెలుసు. సైకిలు పడిపోకుండా నిలబడేది ఈ బలంతోనే అని మా నాయన చెప్పేవాడు.

చాక్‌పీస్ (అనంతపురం)

అమ్మా, నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఏటా ఈ పాఠం దగ్గర ఒకరో ఇద్దరో నీలాగే ఆగిపోయేవాళ్లు. సూత్రం బట్టీ పట్టి దాటిపోయిన వాళ్లకంటే వాళ్లకే తర్వాత బాగా వచ్చేది.

ముందు ఒడిసెల గుర్తు చేసుకో. మా చిన్నప్పుడు జొన్న చేలో మంచె ఎక్కి, రాయి పెట్టి గిరగిరా తిప్పి పిట్టల్ని తోలేవాళ్లం. తాడు ఆ రాయిని ప్రతి క్షణం చేతి వైపే లాగుతుంది. మరి రాయి చేతిలోకి వచ్చి పడుతుందా? పడదు, ఎందుకంటే దానికి అప్పటికే అడ్డంగా వేగం ఉంది. తాడు లాగుడు ఆ వేగానికి కొంచెం కొంచెంగా కలుస్తూ దాని దిశను తిప్పుతుంది. వేగం పెరగదు, తగ్గదు. రాయి కదలకుండా ఉన్నప్పుడు లాగితే మాత్రం నేరుగా చేతిలోకే వస్తుంది.

ఇప్పుడు వేగం స్థానంలో కోణీయ ద్రవ్యవేగాన్ని, లాగుడు స్థానంలో తిప్పే మెలిని, అంటే టార్క్‌ను పెట్టు. తిరగని చక్రానికి కోణీయ ద్రవ్యవేగం సున్నా. అప్పుడు బరువు వల్ల వచ్చే టార్క్ కొత్తగా ఒకదాన్ని పుట్టిస్తుంది, అదే మనకు కనిపించే వాలడం. తిరిగే చక్రానికి ఇరుసు పొడవునా పెద్ద కోణీయ ద్రవ్యవేగం ముందే ఉంది. టార్క్ ప్రతి క్షణం చేర్చేది చిన్న ముక్క, అదీ ఇరుసుకు లంబంగా. పెద్దదానికి చిన్నది అడ్డంగా కలిస్తే పొడవు మారదు, ముఖం తిరుగుతుంది. ప్రెసెషన్ అంటే అదే.

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

సార్, ఒడిసెలతో చానా వరకు తెలిసింది. టెస్టులో నా తప్పు ఎక్కడో కూడా దొరికింది. బలం దిశను తీసుకొచ్చి టార్క్ దిశగా రాసేశాను. కానీ మళ్లీ సదిశల (దిశ కూడా ఉన్న రాశుల) దగ్గరే ఉన్నాం కదా సార్. ఆ రిమ్ములో ఒక ఇనుప ముక్క ఉందనుకుందాం. దాన్ని పక్కకు తోసేది ఎవరు? ఆ ముక్కకు సదిశ తెలియదు కదా.

చాక్‌పీస్ (అనంతపురం)

మంచి ప్రశ్న. దీనికి కొంచెం ఓపిగ్గా రాస్తాను, నువ్వు కూడా కాగితం మీద చక్రం గీసుకుని చదువు.

తాడు నీ ఎడమ పక్క ఉందనుకో, ఇరుసు కుడి వైపుకు పోతోంది, దాని చివర చక్రం. చక్రం అంచు నీకు ఎదురుగా నిలువు గీతలా కనిపిస్తుంది. బరువు వల్ల ఇరుసు కుడి కొస కిందికి దిగబోతుంది. అలా దిగితే చక్రం పైభాగం కుడికి, అంటే తాడుకు దూరంగా, వాలాలి. కింది భాగం ఎడమకు, తాడు వైపుకు రావాలి. అంటే బరువు చేసే పని ఏమిటంటే రిమ్ములో పై సగంలో ఉన్న ముక్కలను కుడికి తోయడం, కింది సగంలో ఉన్నవాటిని ఎడమకు తోయడం.

చక్రం తిరగకపోతే పైన ఉన్న ముక్క పైనే ఉండి, కుడికి వాలిపోతుంది. చక్రం తిరుగుతుంటే ఏ ముక్కా పైన ఉండిపోదు. ఒక్క ముక్క వెంట నువ్వూ ప్రయాణం చెయ్యి. పైభాగం నీ వైపుకు వచ్చేలా చక్రం తిరుగుతోందనుకుందాం. మన ముక్క వెనక పక్క నుంచి పై సగంలోకి ఎక్కుతుంది. ఎక్కినప్పటి నుంచి కుడికి తోపు మొదలవుతుంది. నడినెత్తికి వచ్చేసరికి తోపు అన్నిటికంటే ఎక్కువ. కానీ తోపు ఎక్కువ ఉన్నచోటే వేగం ఎక్కువ ఉండదమ్మా. తోపు పడుతున్నంతసేపూ కుడి వైపు వేగం పోగవుతూనే ఉంటుంది. నడినెత్తి దాటి, నీకు దగ్గరగా ఉన్న అంచుకు చేరే వరకు తోపు ఆగదు. కాబట్టి ఆ ముక్కకు కుడి వైపు వేగం అన్నిటికంటే ఎక్కువ ఉండేది నీకు దగ్గరి అంచు దగ్గర. అక్కడి నుంచి కింది సగంలోకి దిగుతుంది, ఎడమకు తోపు మొదలవుతుంది. ముందు కుడి వేగం తరిగిపోతుంది, తర్వాత ఎడమ వేగం పెరుగుతుంది. అది పతాక స్థాయికి చేరేది నీకు దూరంగా, వెనక అంచు దగ్గర.

ఇప్పుడు చక్రం మొత్తాన్ని చూడు. నీకు దగ్గరి అంచు కుడికి పోతోంది, దూరపు అంచు ఎడమకు పోతోంది. ఈ రెండూ కలిస్తే చక్రం నిలువు అక్షం చుట్టూ మళ్లుతుంది. నువ్వు క్లాసులో చూసింది ఇదే. తోపు పడింది పైనా కిందా, ఫలితం కనిపించింది పావు చుట్టు తర్వాత. పక్కకు తోసే బలం వేరే ఎక్కడి నుంచీ రాలేదు.

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

సార్, కాగితం మీద గీసుకుని మూడుసార్లు చదివాను. పావు చుట్టు! ఇన్నాళ్లూ ఈ ఒక్క ముక్క దొరక్క ఇబ్బంది పడ్డాను. చక్రాన్ని రెండో వైపుకు తిప్పితే వేగం పోగయ్యేది వెనక అంచు దగ్గర కాబట్టి ప్రెసెషన్ కూడా ఎదురు దిశలో ఉండాలి. అంతేనా సార్?

చాక్‌పీస్ (అనంతపురం)

అంతే. ఇక బొటనవేలు పెట్టి సరిచూసుకో, రెండూ ఒకటే చెప్తాయి.

నాపరాయి (బేతంచెర్ల)

ఇది చదువుతుంటే మా పని కళ్ల ముందు కనిపించింది, అందుకే రాస్తున్నాను. మేము బండలు కోసి పాలిష్ పట్టే పని చేస్తాం. చేతి కటింగ్ మెషిన్ నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది. బ్లేడును నిలువుగా పట్టుకుని బండ అంచు కోస్తూ, మూల రాగానే మణికట్టు తిప్పి పక్కకు మళ్లించాలి. నింపాదిగా మళ్లిస్తే ఏమీ తెలియదు. తొందరపడి ఒక్కసారిగా తిప్పితే మెషిన్ మనం తిప్పిన వైపు తిన్నగా పోకుండా, బ్లేడు ఒక పక్కకు ఒరగబోతూ మొరాయిస్తుంది. నాకు బాగా గుర్తు, పనిలో చేరిన కొత్తలో అట్లా ఒరిగి బ్లేడు బండ మీద గీసుకుపోయి మంచి పలక పాడైంది. మేస్త్రీ ఒక్కటే చెప్పాడు: "తిరిగేదాన్ని తిప్పేటప్పుడు తొందర పనికిరాదు." బ్లేడు బండలో ఇరుక్కుని వెనక్కి తన్నడం వేరు, అది ఇంకా ప్రమాదం. నేను చెప్పేది గాల్లో తిప్పినప్పుడు చేతికి తెలిసే మెలి గురించి.

సార్, ఇది కూడా ఆ పావు చుట్టు లెక్కేనా?

చాక్‌పీస్ (అనంతపురం)

అదే లెక్క, తిరగేసి చూడాలి. చక్రం దగ్గర టార్క్ ముందు, దిశ మారడం తర్వాత. మీ దగ్గర దిశను మీరే బలవంతంగా మారుస్తున్నారు, ఆ మార్పుకు కావలసిన టార్క్‌ను మీ మణికట్టు ఇవ్వాలి. ఎంత వేగంగా మళ్లిస్తే అంత టార్క్ కావాలి. మీ మేస్త్రీ మాట నూటికి నూరుపాళ్లు ఫిజిక్స్.

గాలిమర (ఉరవకొండ)

నేను గాలిమరల మెయింటెనెన్స్‌లో ఉన్నాను. మా మర పైతలను (స్తంభం మీద రెక్కలు బిగించి ఉండే గదిని) గాలి వైపుకు తిప్పే మోటార్లు ఉంటాయి. కింద నిలబడి చూసేవాళ్లు అది కదులుతోందని కూడా గుర్తుపట్టరు, సెకనుకు అర డిగ్రీ అటూ ఇటూ. ఇంత నిదానం ఎందుకని చేరిన కొత్తలో అడిగితే, తిరిగే రెక్కలను వేగంగా మళ్లిస్తే షాఫ్టు పైకీ కిందికీ వంగే టార్క్ పడుతుందని చెప్పారు. నాపరాయి అన్న మణికట్టు మీద పడేదే ఇక్కడ మెయిన్ బేరింగ్ మీద పడుతుంది. రెక్కల బరువు టన్నుల్లో ఉంటుంది కాబట్టి చుట్లు నిమిషానికి పదిహేను ప్రాంతంలోనే ఉన్నా కోణీయ ద్రవ్యవేగం తక్కువేం కాదు.

ఇంకో సంగతి. మూడు రెక్కలు ఉంటే ఈ టార్క్ ఒకే తీరుగా పడుతుంది. రెండే రెక్కలున్న మరలో అవి నిలువుగా ఉన్నప్పుడు ఒక రకంగా, అడ్డంగా ఉన్నప్పుడు ఇంకో రకంగా పడి, చుట్టుకు రెండుసార్లు అదురుతుంది. మూడు రెక్కల మరలే ఎక్కువ కనిపించడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

సైకిల్_షాపు (కడప)

అయితే సైకిలు నిలబడేది కూడా ఇందుకేనా సార్? మా నాయన మాట నిజమేనా?

చాక్‌పీస్ (అనంతపురం)

మీ నాయన మాటలో కొంత నిజం ఉంది. పోతున్న సైకిలు ఎడమకు ఒరిగితే ముందు చక్రం ప్రెసెషన్ వల్ల ఎడమకే మళ్లుతుంది. ఒరిగిన వైపుకే హ్యాండిల్ తిరిగితే సైకిలు మళ్లీ నిటారుగా వస్తుంది. చేతులు వదిలి తొక్కేవాళ్లకు ఇది సాయపడుతుంది. కానీ నిలబెట్టేది ఇదొక్కటే అనుకోకూడదు. ముందు ఫోర్కు వాలు వల్ల కూడా చక్రం ఒరిగిన వైపుకు మళ్లుతుంది. 2011లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధనలో, ఎదురు దిశలో తిరిగే చక్రాలు పెట్టి ఈ ప్రభావాన్ని పూర్తిగా రద్దు చేశారు, ఫోర్కు వాలు వల్ల వచ్చే సాయం కూడా లేకుండా చూశారు. అయినా ఆ సైకిలు మనిషి లేకుండా తోసి వదిలితే పడిపోకుండా పోయింది. బరువు ఎక్కడెక్కడ ఉందన్నది కూడా పనిచేస్తుందన్నమాట.

బొంగరాల_బజారు (ప్రొద్దుటూరు)

నాదొక చిన్న సందేహం. బొంగరం విసిరినప్పుడు వంకరగా దిగి, తర్వాత తనంతట తానే నిటారుగా లేస్తుంది. బరువు దాన్ని చుట్టూ తిప్పుతుంది సరే, పైకి లేపేది ఎవరు? కొత్త మేకు బొంగరం కంటే అరిగి గుండ్రమైన మేకు బొంగరమే తొందరగా లేస్తుంది, ఇది మేము ఆడి చూసిందే.

చాక్‌పీస్ (అనంతపురం)

నేల రాపిడి. మొన గుండ్రంగా ఉంటే, వంగినప్పుడు నేలను తాకేది అక్షం మీది బిందువు కాదు, కొంచెం పక్కది. ఆ పక్క బిందువు నేల మీద జారుతూ తిరుగుతుంది. అక్కడ పడే రాపిడి ఇంకో టార్క్ ఇస్తుంది, అది కోణీయ ద్రవ్యవేగాన్ని నిలువు వైపుకు మళ్లిస్తుంది. బాగా సన్నని మొనకు ఆ పక్క దూరం ఉండదు, అందుకే లేవడం ఆలస్యం. మీరు ఆటలో చూసిందే సరైనది.

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

నేను ఇంట్లో చేసి చూశాను! వీధి చివరి షాపులో పాత సైకిలు వెనక చక్రం ఇచ్చారు, ఇరుసుకు ఇనుప పైపు ముక్క బిగించి గ్రీజు కూడా వేసి పెట్టారు. తాడు కట్టింది చక్రం మధ్య నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో. రిమ్ము వ్యాసార్ధం 32 సెంటీమీటర్లు. చక్రం పుల్లల్లో (స్పోకుల్లో) ఒకదానికి ఎర్ర రిబ్బన్ కట్టి, ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీశాను, సెకనుకు 240 ఫ్రేములు. రిబ్బన్ మళ్లీ పైకి రావడానికి 80 ఫ్రేములు పట్టింది, అంటే సెకనుకు 3 చుట్లు.

బరువంతా రిమ్ములోనే ఉందనుకుని లెక్క వేశాను. ప్రెసెషన్ వేగం అంటే టార్క్‌ను కోణీయ ద్రవ్యవేగంతో భాగించడమే. చక్రం బరువు పైనా కిందా ఉండి కొట్టుకుపోయింది! సెకనుకు 0.51 రేడియన్లు, అంటే ఒక చుట్టుకు 12 సెకన్ల పైచిలుకు రావాలి. నాకు 11 వచ్చింది. తర్వాత చక్రం సెకనుకు 2 చుట్లకు తగ్గినప్పుడు 8 రావాల్సింది, ఏడున్నర వచ్చింది. తిరిగే వేగం తగ్గేకొద్దీ ప్రెసెషన్ వేగం పెరగడం కళ్లారా చూశాను. రెండుసార్లూ తక్కువే వచ్చింది, ఎందుకు సార్?

ఇంకోటి. చేయి వదిలిన క్షణంలో ఇరుసు కొంచెం కిందికి తల వంచి, అప్పుడు తిరగడం మొదలుపెడుతోంది. అది నా చేతి తప్పా?

చాక్‌పీస్ (అనంతపురం)

చాలా సంతోషంగా ఉందమ్మా, ఇంత శ్రద్ధగా కొలిచినందుకు. నీ చక్రంలో పుల్లలు, హబ్బు, పళ్లచక్రం కూడా ఉన్నాయి. ఆ బరువు టార్క్‌లోకి పూర్తిగా వస్తుంది, మధ్యలో ఉంటుంది కాబట్టి జడత్వ భ్రామకంలోకి (తిరుగుడుకు లెక్కించే జడత్వంలోకి) పెద్దగా రాదు. అందుకే నీ లెక్క కంటే తొందరగా తిరిగింది. పైగా చుట్టు పూర్తయ్యేలోపు చక్రం వేగం కూడా కొంత తగ్గి ఉంటుంది.

తల వంచడం నీ చేతి తప్పు కానే కాదు. చక్రం తాడు చుట్టూ తిరుగుతోందంటే నిలువు అక్షం చుట్టూ కొంత కోణీయ ద్రవ్యవేగం వచ్చిందనే కదా. అది ఎక్కడి నుంచి వచ్చింది? బరువు నిలువుగా కిందికి లాగుతుంది, నిలువు అక్షం చుట్టూ దాని టార్క్ సున్నా. కాబట్టి నిలువు భాగం మొదట ఎంత ఉందో చివరికీ అంతే ఉండాలి, అంటే సున్నా. అందుకని ఇరుసు కాస్త వంగుతుంది. వంగినప్పుడు చక్రం సొంత కోణీయ ద్రవ్యవేగానికి కొంచెం నిలువు భాగం వస్తుంది, అది ప్రెసెషన్ వల్ల వచ్చినదాన్ని సరిగ్గా రద్దు చేస్తుంది. నువ్వు చక్రాన్ని ఏ వైపుకు తిప్పినా ఈ రద్దు సరిపోతుంది, గీసి చూడు. నీ కొలతలతో లెక్క వేస్తే ఆ వంపు ఒక డిగ్రీ కూడా ఉండదు. చక్రం వేగం సగమైతే వంపు నాలుగింతలు అవుతుంది.

కార్తెల_లెక్క (కడప)

ఆలస్యంగా చూశాను, కానీ ఇందులో భూమి గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. మా ఇంట్లో పంచాంగం చూసి కార్తె ప్రకారం విత్తే అలవాటు. మృగశిర జూన్ 7, 8 తేదీల్లో, ఆర్ద్ర జూన్ 21, 22 తేదీల్లో వస్తాయి.

భూమి నడుము దగ్గర ఉబ్బింది. మధ్యరేఖ వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. ఈ 21 కిలోమీటర్ల ఉబ్బును చంద్రుడు, సూర్యుడు లాగి టార్క్ ఇస్తారు, అందులో చంద్రుడి వాటా దాదాపు మూడింట రెండు వంతులు. దాంతో భూమి అక్షం 26,000 ఏళ్లకు కొంచెం తక్కువగా ఒక చుట్టు తిరుగుతుంది, 72 ఏళ్లకు ఒక డిగ్రీ. పంచాంగంలో అయన చలనం అనేది ఇదే. ఉత్తరాయణం నిజంగా మొదలయ్యేది డిసెంబరు 21, 22న, మనం పండగ చేసుకునేది జనవరి 14, 15న. ఆ 24 రోజుల తేడా ఇదంతా పోగైందే. దక్షిణాయనం పూర్వం ఆశ్లేష నడుమ మొదలయ్యేదని, తన కాలానికి కర్కాటకం మొదట్లో మొదలవుతోందని 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు రాశాడు. ఇప్పుడు అది మృగశిర చివరికి వచ్చింది.

ఒక కార్తె అంటే 13 డిగ్రీల 20 నిమిషాలు. డిగ్రీకి 72 ఏళ్ల చొప్పున వేస్తే 960 ఏళ్లు. అంటే దాదాపు ప్రతి వెయ్యేళ్లకు కార్తెలు రుతువులతో ఒక కార్తె మేర జరుగుతాయి. ఎప్పటిదో తెలియని కార్తె సామెతను పట్టుకుని ఇప్పటి వానను లెక్కించేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలని నా అభిప్రాయం.

నాపరాయి (బేతంచెర్ల)

అంటే భూమి కూడా బొంగరం లాగే తిరుగుతోందన్నమాట.

కార్తెల_లెక్క (కడప)

ఒక తేడా ఉందన్నా. బొంగరాన్ని బరువు పడేయాలని చూస్తుంది, అందుకే అది తిరిగే దిశలోనే ప్రెసెషన్ కూడా ఉంటుంది. భూమి ఉబ్బును సూర్యచంద్రులు లాగేది అక్షాన్ని నిటారు చేసే వైపుకు. టార్క్ ఎదురైంది కాబట్టి ప్రెసెషన్ కూడా ఎదురే. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంటే, అయనం తూర్పు నుంచి పడమరకు జరుగుతోంది. వీడియోల్లో చాలామంది రెండూ ఒకే వైపు చూపిస్తారు, అది తప్పు.

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

చాక్‌పీస్ సార్, నిన్న సాయంత్రం మళ్లీ చేశాను. ఈసారి చక్రాన్ని కావాలనే నెమ్మదిగా, సెకనుకు ఒకటిన్నర చుట్లే తిప్పి వదిలాను. తల వంచడం స్పష్టంగా కనిపించింది, వంగి, లేచి, మళ్లీ వంగి, అలా ఊగుతూ తిరిగింది. తర్వాత గట్టిగా తిప్పి, అది పోతున్న వైపుకే వేలితో ఇరుసును కొంచెం తోశాను. ఇరుసు పైకి లేచింది! తోపు పక్కకు, లేవడం పైకి, మళ్లీ అదే పావు చుట్టు. చివరికి ఇరుసు పక్కకు కదలకుండా రెండో చేయి అడ్డం పెట్టాను. పెట్టీ పెట్టగానే, చక్రం అంత వేగంగా తిరుగుతున్నా సరే, తిప్పని చక్రం లాగే దబ్బున వాలిపోయింది. మా తమ్ముడు ఇంకోసారి, ఇంకోసారి అని పది సార్లు చేయించాడు. రేపు చక్రాన్ని కాలేజీకి తీసుకెళ్తున్నాను, సార్ సరేనన్నారు.